ఏ మందు అని అడగలేదు

మొన్న చలికాలం వెళ్ళిపోతున్న రోజుల్లో కొరాపుట్‌లో కొత్త ల్యాబ్ టెక్నీషియన్లకు శిక్షణ తరగతులు పెట్టి, నన్నూ ఒక గంట మాట్లాడమన్నారు. కోర్టు చికిత్సకు పంపినవాళ్ళకు మత్తు పరీక్ష ఎలా చేయాలి అన్నది విషయం. రాయగడ నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. శాలువా కప్పారు. బోర్డు మీద పదకొండు సూత్రాలు రాసి చూపించాను, చప్పట్లు కొట్టారు. నా చేతిసంచిలో ఒక పాత దగ్గు మందు సీసా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి ఒక సంగతి చెప్పాలని ఇంటి దగ్గర అనుకుని బయల్దేరాను. తీరా అక్కడికి వెళ్ళాక సంచి జిప్పు తీయలేదు.

అయిపోయాక గుణుపురం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా పక్కకు చేరింది. మిగతావాళ్ళకు అర్థం కాకూడదనేమో, తెలుగులో అడిగింది.

“మేడం, మీరెప్పుడైనా తప్పు రాసేరేటి?”

“రాయకుండా ఎలాగ ఉంటామమ్మీ!” అని నవ్వేశాను. పెద్దావిడ నవ్వింది కదా అని ఆ పిల్లా నవ్వి వెళ్ళిపోయింది. అంత మంచి ప్రశ్నకు అంత చవకబారు జవాబు ఇచ్చినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి పేరు కూడా కనుక్కోలేదు. తనకూ, తనలా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకూ ఇది రాస్తున్నాను.

ఈ పని ఏమిటి

మాది రాయగడలో చింతపండు, ఎండుమిరపకాయల టోకు దుకాణం. తాతగారి కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. మిరపకాయల బస్తాల మధ్య తుమ్ముతూ పెరిగినదాన్ని, ల్యాబు వాసనలు నన్నేం చేస్తాయి? ఉద్యోగంలో మొదటి ఇరవై మూడేళ్ళు మలేరియా పరీక్షలు చేశాను. తర్వాత కొరాపుట్‌లో మత్తు మాన్పించే కేంద్రానికి వేశారు. అక్కడే పదకొండేళ్ళు ఉండి రిటైరయ్యాను. సూటిగా చెప్పాలంటే ఆ పదకొండేళ్ళూ ఊరివాళ్ళ మూత్రం చూసి జీతం తీసుకున్నాను.

మా దగ్గరకు వచ్చేవాళ్ళలో కొందరిని కోర్టు పంపేది. చిటికెడు పొడితో దొరికినవాడు, వాడేవాడే తప్ప అమ్మేవాడు కాదని తేలి, మానుకుంటానని ఒప్పుకుంటే, జైలుకు బదులు మాకు అప్పగించేవారు. ఆరు నెలలు వచ్చి పోతూ ఉండాలి. పిలిచినప్పుడల్లా మూత్రం ఇవ్వాలి. చివరిదాకా బాగుంటే కేసు పక్కన పెడతారు. మళ్ళీ మొదలుపెట్టాడని మేము రాస్తే జైలు.

కాబట్టి ఇది దొంగను పట్టుకునే పని అని నేను అనుకున్నాను. నాతో పనిచేసిన చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. అది తప్పు. జ్వరం వచ్చిందేమోనని థర్మామీటరు పెట్టి చూస్తాం, అంతే. జ్వరం తగ్గలేదని రోగి మీద ఎవరూ కోప్పడరు కదా. నేను కోప్పడ్డాను. ఆ సంగతికే వస్తున్నాను, ముందు చిన్న తప్పులు చెప్పనివ్వండి.

మసక గీత

మలేరియా కిట్టులో రెండు గీతలు వస్తే జబ్బు ఉన్నట్టు. రెండోది మసకగా వచ్చినా సరే, ఉన్నట్టే లెక్క. మా కొండల్లో ఆ మసక గీతను వదిలేస్తే మనిషి పోతాడు. ఇరవై మూడేళ్ళు నా కళ్ళు దానికే అలవాటు పడ్డాయి. మూత్రంలో ముంచి చూసే మత్తు పట్టీలో అంతా తిరగేసి ఉంటుంది. రెండో గీత వస్తే మత్తు లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. మసకగా వచ్చినా వచ్చినట్టే, ఆ మనిషి శుభ్రంగా ఉన్నట్టే.

చేరిన మొదటి వారంలో ఒక తాపీమేస్త్రీ పట్టీలో గీత మసకగా వచ్చింది. నా మలేరియా కళ్ళు ఊరుకోలేదు. ‘కొంచెం ఉంది’ అని రాసి పంపాను. అప్పటి మా పెద్ద డాక్టరు గారు ఒడియా ఆయన. తెలుగు మాత్రం శ్రీకాకుళం రోగుల దగ్గర నేర్చుకున్నారు. కాగితం పట్టుకుని నా గదిలోకే వచ్చేశారు.

“కొంచెం ఉన్నాదంటే ఏటమ్మా? ఇది కూరేటి, ఉప్పు సూసి సెప్పడానికి?”

నేను మలేరియా కిట్టు సంగతి చెబితే ఆయన కోప్పడలేదు. ఆ రోజు నుంచి మూత్రం డబ్బీ మీద పేరు కాగితంతో కప్పి, ఇద్దరం విడివిడిగా చూసి, విడివిడిగా రాసి, తర్వాత కలిపి చూసుకోవాలని నియమం పెట్టారు. పేరు కనిపిస్తే కళ్ళు ముందే తీర్పు చెప్పేస్తాయని ఆయన నమ్మకం. ఆయన ఉన్నన్నాళ్ళూ అలాగే చేశాం. ఆయన బదిలీ అయ్యాక రెండో మనిషి దొరకడం లేదని ఆ పద్ధతి నెమ్మదిగా వదిలేశాం. ఎవరూ మానేయమనలేదు, మేమే మానేశాం.

బాత్రూము దగ్గర

మగవాళ్ళతో బాత్రూము దాకా వెళ్ళేది అటెండరు గౌరాంగ్. చూస్తూ నిలబడాలి, చూస్తున్నట్టు ఉండకూడదు. అది గౌరాంగ్‌కు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అటు తిరిగి వాన గురించో, బస్సుల గురించో మాట్లాడుతూ ఉండేవాడు. అతను సెలవు పెట్టిన రోజున వచ్చినవాళ్ళు సిగ్గుతో గంటల తరబడి కూర్చుండిపోయేవారు.

మోసాలు లేవా అంటే, ఉన్నాయి. ఒకడు తమ్ముడి మూత్రం సీసాలో తెచ్చి చంకలో పెట్టుకున్నాడు. డబ్బీ చల్లగా తగలగానే దొరికిపోయాడు. ఇంకొకడికి ఎవరో చింతపండు రసం కలిపితే పట్టీ పాడైపోతుందని చెప్పారట. పాపం, చింతపండు దుకాణంలో పెరిగినదాని దగ్గరకే చింతపండు తెచ్చాడు. మూత తీయగానే ఏ సంతలోదో కూడా చెప్పగలిగేదాన్ని.

ఇలా నాలుగు పట్టుకున్నాక నాకు గర్వం వచ్చింది. ఒక కొండ ఊరి ముసలాయన మూత్రం అచ్చం నీళ్ళలా ఉందని, నీళ్ళు కలిపాడని రాయబోయాను. గౌరాంగ్ ఆపాడు.

“దిదీ, ఆ బూఢా పొద్దున చెంబుడు మాండియా పేజొ తాగి నాలుగు కోసులు నడిచి వస్తాడు. మరింకెలా ఉంటుంది?”

పేజొ అంటే మన చోడి అంబలే, రాగి జావ. మా ఇంట్లోనూ తాగుతారు, కానీ నాకు తట్టలేదు. పలచగా వస్తే మోసం అని రాయకూడదు. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ తీసుకోవాలి. బల్ల దగ్గర కూర్చునేదాని కంటే తలుపు దగ్గర నిలబడేవాడికి ఎక్కువ తెలుసని అప్పుడైనా గ్రహించి ఉండాల్సింది.

ఇంకొక మాట. చాలా ఏళ్ళు మేము సోమవారమే పరీక్ష పెట్టేవాళ్ళం. సోమవారం అందరూ సాధువులే. ఎప్పుడు పిలుస్తామో తెలియకుండా ఉండాలి. అలాగని కొండ మీద ఊరివాడిని గంటలో రమ్మంటే బస్సు ఏదీ? ముందురోజు కబురు చేసి, రానందుకు తప్పు పట్టే ముందు బస్సు నడిచిందో లేదో కనుక్కోవాలి. దీని మీద నేను పై ఆఫీసర్లతో చాలాసార్లు పోట్లాడాను. అది ఒక్కటి మాత్రం తల ఎత్తుకుని చెప్పగలను.

సింహాచలం

సింహాచలం వాళ్ళది గుణుపురం దగ్గర వ్యవసాయ కుటుంబం. అతను మాత్రం లారీ డ్రైవరు. నడుం నొప్పికి మంచిదని తోటి డ్రైవరు ఎవడో బ్రౌన్ షుగరు పొడి అలవాటు చేశాడు. కాగితం పొట్లంతో పట్టుబడ్డాడు. భార్య పైడమ్మ సెమిలిగుడ జంక్షన్‌లో టిఫిను దుకాణం నడుపుతుంది. కేసయ్యాక అతన్ని లారీ దింపి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. ఆరు నెలలూ నిలబడితేనే ఇంట్లో ఉంటావు, లేదంటే నీ దారి నీది అని మా కౌన్సిలరు ఎదురుగానే చెప్పింది. జైలు కన్నా ఆవిడకే అతను ఎక్కువ భయపడేవాడు.

ఐదు నెలలు ఏ రోజు పిలిచినా వచ్చాడు. ప్రతిసారీ గీత వచ్చింది. డబ్బీ ఇచ్చి వెళ్ళిపోకుండా నా బల్ల దగ్గరే నిలబడేవాడు.

“గీతొచ్చిందేటమ్మా?”

“వచ్చింది.”

“ఓపాలి సూపించండి.”

చూపించేదాన్ని. పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వేవాడు. ఒకసారి, “ఈ పట్టీ ఇంటికట్టుకెళ్ళనిస్తారేటి? మా ఆడదానికి సూపిస్తాను. నా మాట నమ్మదు, పట్టీని నమ్మతాది” అన్నాడు. వాడిన పట్టీలు బయటికి ఇవ్వకూడదని చెప్పాను. నియమం అదే మరి.

ఆరో నెలలో ఒకరోజు పిలిచాం. మర్నాడు కోర్టుకు రిపోర్టు వెళ్ళాలి. పట్టీలో గీత రాలేదు. అటూ ఇటూ తిప్పి చూశాను, వెలుతురులోకి పట్టుకెళ్ళి చూశాను. మసకగా కూడా లేదు. నాకు బాధ వేయలేదు, కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ వీడి నవ్వు చూసి మోసపోయానన్న కోపం. ఆ కోపంతోనే, పట్టీ చేత్తో పట్టుకునే అడిగాను.

“మందేసుకున్నావా, సింహాచలం?”

“ఏసుకున్నానమ్మా. మూడ్రోజులై ఏసుకుంటన్నాను. అది మరేటంటే...”

“చాలు. ఇంకేమీ చెప్పకు” అన్నాను.

“గీతొచ్చిందేటమ్మా?” అన్నాడు. నేను చూపించలేదు. పట్టీ బుట్టలో పడేశాను. అతను దగ్గుతూ బయటికి వెళ్ళాడు. దగ్గిన సంగతి నాకు తర్వాత గుర్తుకొచ్చింది, ఆ నిమిషంలో వినపడలేదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. మా దగ్గర అచ్చు ఫారం ఉండేది, ఒడియాలో. అందులో రెండు ప్రశ్నలు వేరువేరుగా ఉండేవి. ఏమైనా ఒసొదొ వాడుతున్నావా, ఏమైనా నిసా చేశావా. ఒసొదొ అంటే జబ్బుకు వేసుకునేది, నిసా అంటే మత్తు. ఒడియా వాళ్ళకు ఆ రెండూ చదివి, జవాబులు రాసుకుని, అప్పుడు డబ్బీ చేతికిచ్చేదాన్ని. తెలుగువాళ్ళు వస్తే ఫారం పక్కన పెట్టేసేదాన్ని. మనవాళ్ళే కదా, నోటితో అడిగితే పోలేదా అని. మన భాషలో జ్వరానికి వేసుకునేదీ మందే, దుకాణంలో పోయించుకునేదీ మందే, మా కేంద్రంలో పొడిని కూడా మందే అనేవారు. పరాయి భాషలో జాగ్రత్తగా అడిగిన ప్రశ్నను సొంత భాషలో ఒక్క మాటకు కుదించేశాను. పైగా పరీక్షకు ముందు అడగాల్సినదాన్ని గీత చూశాక అడిగాను. అప్పటికి అది ప్రశ్న కాదు, నా నోట తీర్పు వచ్చేసింది.

ఈ పట్టీకి పొడికీ కొన్ని దగ్గు మందులకీ తేడా తెలియదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ మాటే నేను ఎందరికో పాఠం చెప్పాను. తేడా చెప్పే పెద్ద పరీక్ష వేరే ఉంది. దానికి నమూనా కటక్ పంపాలి, జవాబు రావడానికి వారాలు పడుతుంది. అందుకే సగం మూత్రం సీలు వేసి ఫ్రిజ్‌లో దాచాలని రూలు. మనిషే ఒప్పుకున్నాక దాచడం ఎందుకని సాయంత్రం గది సర్దుతూ సింకులో పారబోశాను. రిపోర్టులో ఇలా రాశాను: పరీక్షలో మత్తు కనిపించింది, అడగ్గా స్వయంగా ఒప్పుకున్నాడు. అప్పటికి పెద్ద డాక్టరు గారి చోట కొత్తాయన ఉన్నారు. చదివి సంతకం చేశారు.

కాగితం కోర్టుకు తీసుకెళ్ళింది గౌరాంగే. జడ్జి గారు ‘వేసుకున్నానని నువ్వే చెప్పావా’ అని అడిగితే సింహాచలం తల ఊపాడట. చెప్పిన మాటే కదా, కాదని ఎలా అంటాడు? అతన్ని జైలుకు పంపారు.

సీసా

ఆరు రోజుల తర్వాత గౌరాంగ్ ఒక సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వచ్చినవాళ్ళ సంచులు గేటు దగ్గర పెట్టించేవాళ్ళం.

“ఆ లారీ మనిషి సంచీలోంచి జారిపోయింది దిదీ. అలమారాలో పెట్టి మరిచిపోయాను. ఇంటికి పంపాలా?”

దగ్గు మందు. అడుగున రెండు చెంచాలు మిగిలి ఉంది. చీటీ చదివాను. పట్టీని ఏమార్చే మందు దాంట్లో ఉంది. ‘ఏసుకున్నానమ్మా, మూడ్రోజులై’ అన్న మాట అప్పుడు సరిగ్గా వినపడింది.

సీసా పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. నిదానంగానే అడిగారు. ఇలాంటి సిరప్పులు మత్తు కోసం తాగేవాళ్ళు లేరా? ఇతను దగ్గుకే తాగాడని ఎలా చెబుతారు? ఆ రోజు పొడి కూడా తీసుకోలేదని రుజువేమిటి? నమూనా దాచారా?

“లేదండి” అన్నాను.

“మరి కోర్టుకు ఏమని రాద్దాం?”

నా దగ్గర జవాబు లేదని అప్పుడు అనుకున్నాను. జవాబు ఉంది. జరిగింది జరిగినట్టు రాయవచ్చు. ఫలానా సీసా దొరికింది, నేను ఫలానా మాటతో అడిగాను, ఆ మాటకు రెండు అర్థాలున్నాయి, నమూనా నేనే పారబోశాను, ఆపై మీ దయ అని రాస్తే సరిపోయేది. పది లైన్లు. ఆ పది లైన్లు రాస్తే ఇన్నేళ్ళు నేను రాసినవన్నీ తిరగదోడతారని, పరువు పోతుందని భయపడ్డాను. డాక్టరు రాయమనలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆయన పిడికెడు ఆయన తీసుకున్నా నా వాటా ఏమీ తగ్గలేదు.

పరీక్షలో తప్పు ఎవరికైనా వస్తుంది. తెలిశాక నోరు మూసుకుని కూర్చోవడం తప్పు కాదు, అన్యాయం. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఇది గుర్తు పెట్టుకోండి.

అతను నాలుగు నెలలు లోపల ఉన్నాడు. బయటికొచ్చాక మా కేంద్రానికి రాలేదు. మళ్ళీ పొడి మొదలెట్టాడని గౌరాంగే చెప్పాడు. సీసా నా సొరుగులో ఉండిపోయింది. రిటైరయిన రోజు పూలదండతో, ఇత్తడి దీపంతో పాటు అది కూడా ఇంటికి వచ్చింది.

సెమిలిగుడ

శిక్షణ తరగతి అయిపోయాక నేను రాయగడ బస్సు ఎక్కలేదు. సెమిలిగుడ బస్సు ఎక్కాను.

జంక్షన్‌లో పైడమ్మ దుకాణం వెతకనక్కర్లేదు, లారీలు ఆగి ఉన్న చోటే ఉంది. మధ్యాహ్నం వేళ, గిరాకీ లేదు. పైడమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. సింహాచలం మూల బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సగానికి సగం అయిపోయాడు. నన్ను చూసి లేవబోయి, బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మగారేటి! ఇలాగొచ్చేరేటమ్మా?” అని, “పైడీ, టీ ఎట్టు. ల్యాబమ్మగారు” అన్నాడు.

దుకాణం వెనకాల ఒక చాప, ఒక పెట్టె కనిపించాయి. ఇంట్లో చోటు లేదనీ, పగలు ఇక్కడ పని చేసి ఇక్కడే పడుకుంటాడనీ అతనే చెప్పాడు. మాట ప్రకారం ఆవిడ అతన్ని ఇంట్లోంచి పంపేసింది. వీధిలోకి మాత్రం తోసేయలేదు.

పైడమ్మ తెచ్చిన టీ పక్కన పెట్టాను. సంచిలోంచి సీసా తీసి బెంచీ మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. గీత రాకపోవడానికి ఈ మందు చాలునని, నువ్వు మందు వేసుకున్నానంటే నేను పొడి అనుకున్నానని, ఆరు రోజులకే నిజం తెలిసినా ఎవరికీ చెప్పలేదని. ఎంత చెప్పినా అవి చేతులు కాలాక పట్టుకున్న ఆకులే.

పైడమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి సీసా తీసి చూసింది. చదువు రాదు కానీ చీటీ మీద బొమ్మ గుర్తుపట్టింది.

“ఇది నాను కొన్నదే” అంది. “బోరిగుమ్మ సంతకెల్లినప్పుడు. పొయ్యి పొగకి దగ్గుతున్నాడని నానే కొన్నాను.”

“తప్పు నీది కాదమ్మా, నాది. ఏ మందు అని అడగాల్సింది నేను” అన్నాను.

“‘నువ్వే నీ నోటితో ఒప్పుకున్నావంట గదా’ అని జైలు కాడ ఈయన మొహమ్మీద ఉమ్మేసినంత పని సేసేను.” ఆవిడ నా వైపు తిరిగింది. “ఇప్పుడా సెప్తారమ్మా?”

నేను చెప్పి తేలికవుదామని వెళ్ళాను. నా బరువు దించి ఆవిడ నెత్తిన పెట్టానని అప్పుడు తెలిసింది.

సింహాచలానికి కోపం రాలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడిలా వేళ్ళు మడిచాడు.

“నానొకలాగనుకున్నానమ్మా” అన్నాడు. “మానేసి ఐదు నెల్లయినా పట్టీకి దొరికిందంటే, అది ఒంట్లోనే ఉండిపోయింది, ఇంక ఎంత మానినా పోదనుకున్నాను. పోనిదానికి మానడమెందుకని, బయటికొచ్చేక మళ్ళీ మొదలెట్టేను.”

ఆ రోజు ఒక్క నిమిషం కూర్చోబెట్టి, గీత రాలేదు, ఎందుకు రాలేదో చూద్దాం అని చెప్పి ఉంటే ఈ మాట అతని తలలోకి వచ్చేది కాదు. ఆ నిమిషం నేను ఇవ్వలేదు. నాకు ఏడుపు వచ్చింది. వాళ్ళ ముందు ఏడ్చే హక్కు లేదని ఆపుకున్నాను.

“అంటే ఆ రోజు నాను బాగున్నట్టే గదా?” అన్నాడు. అతని మొహంలో పాత నవ్వు కొంచెం వచ్చింది. “సీసా ఇన్నాళ్ళు అట్టిపెట్టేరు. ఆ రోజు నానిచ్చిన డబ్బీ కూడా అట్టిపెట్టే ఉంటారు. దాన్ని మళ్ళీ ఓపాలి సూసి, గీత సంగతి మా ఆడదాని ముందర సెప్పేయండమ్మా. నాను సెప్తే నమ్మదు.”

పైడమ్మ కూడా నా నోటి వైపే చూస్తోంది.

“పారబోశాను, సింహాచలం” అన్నాను. “ఆ సాయంత్రమే.”

అతను నేను తాగని టీ గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్ళాడు.

అమ్మీ, నువ్వడిగినదానికి ఇదీ నా జవాబు. డబ్బీ ఇచ్చే ముందే ఏ మందు అని అడుగు. వాళ్ళు చెప్పేది చివరిదాకా విను. సగం దాచిపెట్టు.